కాస్త వదులుగా

మధ్య పట్టీ ముందు వెయ్యాలి, తర్వాత అరచేతి మీదది, ఆఖరున మోచేతి వైపుది. వరస తప్పితే మణికట్టుకి తొడిగే బ్రేసు పక్కకి తిరిగిపోతుంది, బంతి వదిలే క్షణంలో మణికట్టు వెనక్కి వాలిపోతుంది, బంతి పోవలసిన చోటికి పోకుండా తన ఇష్టం వచ్చిన చోటికి పోతుంది. ఇదంతా అతనికి నేర్పింది ఆమే. నేర్పిన మనిషి ఇప్పుడు బౌలింగ్ హాల్లో, వాళ్లెప్పుడూ ఆడే చివరి లేన్ వెనక, కుర్చీలో కూర్చుని, కుడిచెయ్యి అతని మోకాలి మీద పెట్టి, ఆ చెయ్యి తనది కానట్టు, ఎవరో కాసేపు చూస్తూ ఉండమని ఇచ్చి వెళ్లిన వస్తువైనట్టు, ఎటో చూస్తోంది. అతను నేల మీద ఒక మోకాలు ఆనించి కూర్చున్నాడు. పట్టీ అతుక్కోవడం లేదు. గరుకు వైపంతా నూగు పట్టేసింది, అంతా ఆమె శాలువాదే, ఈ మధ్య ఎండలో కూడా చలి అంటోంది, శాలువా విప్పనివ్వదు. జేబులోంచి దువ్వెన తీసి దాని చివరి పన్నుతో నూగు గీకాడు. బూడిదరంగు పోగులు ఉండలు ఉండలుగా ఊడి వచ్చాయి. పక్క లేన్ మీద ఎవరిదో బంతి దూరాన ఉరిమినట్టు దొర్లుకుంటూ పోయి అటు చివర నిలబెట్టిన పిన్నుల్ని కొట్టింది, వాళ్లు కేకలు వేశారు, ఆమె ఉలిక్కిపడలేదు, అటు చూడనైనా లేదు. పూర్వమైతే చూడకుండానే చెప్పేది, చప్పుడు విని, "రెండు మిగిలాయి, మూలవి" అని. చెవితో లెక్కపెట్టేది. ఆ చెవులు అవే, వాటికి ఉన్న చిన్న దుద్దులు కూడా అవే, పొద్దున తనే పెట్టాడు, కుడివైపు దానికి మర సరిగ్గా పట్టక చెమటలు పట్టాయి. బస్సు నడిపిన చేతులు, ఇంత లావు స్టీరింగు తిప్పిన చేతులు, కందిగింజంత మర తిప్పలేకపోయాయి.

చెయ్యి చిక్కిపోయింది. పోయిన వారం పట్టీ చివర ఎక్కడ ఆగిందో అక్కడ నల్లటి మరక గీత ఉంది, ఇవాళ ఆ గీత దాటి ఇంకా లోపలికి పోతోంది. మణికట్టు ఎముక బయటికి పొడుచుకొచ్చి కనిపిస్తోంది. మణికట్టంటే ఒక్క ఎముక కాదండీ, గులకరాళ్ల సంచి, అనేది ఆమె. ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసేది; ఆ రాళ్లలో ఒక్కోదానికి ఒక్కో పేరు, పడుకునే ముందు అతని చెయ్యి పట్టుకుని ఒక్కో రాయినీ వేలితో నొక్కుతూ పేర్లు చెప్పేది, అతనికి ఒక్కటీ గుర్తుండేది కాదు, కావాలనే గుర్తుంచుకునేవాడు కాదేమో, గుర్తుంటే మళ్లీ చెప్పదుగా. అసలు పరిచయమే మణికట్టుతో. గేరు కర్ర లాగి లాగి చెయ్యి వాచిపోతే డిపో డాక్టరు ఎక్స్‌రే రాసిచ్చాడు. చీకటి గది, చల్లటి బల్ల, తెల్లకోటు వేసుకున్న సన్నటి అమ్మాయి. చెయ్యి బల్ల మీద పెట్టి ఆమె కదలొద్దంది, తలుపు చాటుకు వెళ్లింది, అతను కదలకుండా ఊపిరి కూడా బిగపట్టేశాడు. ఆమె వెనక్కి వచ్చేసరికి అతని మొహం కందగడ్డ అయింది. "చేతి ఫోటోకి ఊపిరితో పనేముందండీ? వదలండి, పోతారు!" అని పకపకా నవ్వింది. తర్వాత ఫిలిం వెలుతురుకి ఎత్తి పట్టి చూపించింది. ఇంటికొచ్చాక పడక మీద వెల్లకిలా పడుకుని ఆలోచించాడు, ఆ అమ్మాయి నా ఎముకలు చూసేసింది, ఇంక దాచడానికి ఏముంది, పెళ్లి చేసుకోవడమే మేలు అని.

నూగు పోయింది. ముందు లోపలి గుడ్డ తొడుగు. వేళ్లు దగ్గరికి చేర్చి, పసిపిల్లకి చొక్కా తొడిగినట్టు నెమ్మదిగా పైకి లాగాడు. దాని మీద బ్రేసు. వెనకవైపు రేకు పలక, చూపుడువేలికి ఒక ఆనిక, పక్కన చిన్న స్క్రూ. స్క్రూ లోపలికి తిప్పితే అరచెయ్యి గిన్నెలా వంగుతుంది, బంతి మెలి తిరుగుతూ పోతుంది. బయటికి తిప్పితే చెయ్యి నిటారుగా నిలుస్తుంది, బంతి తిన్నగా పోతుంది. ఎంత తిప్పాలన్నది ఎవరికి వారు తేల్చుకోవలసిందే. కొన్న కొత్తలో వారమంతా అదే గొడవ. ఎక్స్‌రే పలకలు ఎత్తీ, లేవలేని రోగుల్ని పొదివి పట్టి తిప్పీ ఆమె మణికట్టు అరిగిపోయింది, ఆట మానెయ్యమన్నారు, మానడమా, ఆమా! బ్రేసు కొనుక్కుంది. ఇంట్లో బంతి లేదు, కూరలబుట్టలోంచి గుమ్మడికాయ తీసి వసారాలో దొర్లించింది, కూతురు అటు చివర ఖాళీ సీసాలు నిలబెట్టింది. స్క్రూ ఒక చుట్టు తిప్పడం, గుమ్మడికాయ వదలడం, మళ్లీ తిప్పడం, మళ్లీ వదలడం. ఆఖరికి గుమ్మడికాయ చెప్పుల అలమరకి తగిలి పగిలింది. కింది వాటా పెద్దాయన పైకొచ్చి ఏమిటమ్మా ఈ దబదబలు అంటే, గుమ్మడికాయ దొంగలెవరంటే భుజాలు తడుముకున్నట్టు ముగ్గురూ ఒకేసారి చేతులు వెనక్కి దాచుకున్నారు. ఆయన వెళ్లాక నేల మీద గింజల మధ్య కూర్చుని ముగ్గురూ కడుపు పట్టుకుని నవ్వారు. ఆ వారం తేల్చిన కొలతే ఇప్పటికీ. స్క్రూ మీద అతను గోళ్లరంగుతో చిన్న చుక్క పెట్టాడు. చుక్క దగ్గరికి తెచ్చి ఆగాలి. కానీ ఇవాళ చుక్క దగ్గర ఆగితే ఆమె వేళ్లు బంతి బరువుకి నిలవవు, కొన్నాళ్లుగా పిల్లలు ఆడే తేలిక బంతే, దానికే చెయ్యి వణుకుతోంది. స్క్రూ బయటికి తిప్పాడు. ఇంకొంచెం. చుక్క అటువైపుకి వెళ్లి కనిపించకుండా పోయింది.

ఎప్పుడు మొదలైందో అతనికి తెలుసు, ఆమెకే ముందు తెలిసింది. ఎక్స్‌రే తీసేటప్పుడు కుడి, ఎడమ తెలియడానికి సీసంతో చేసిన చిన్న గుర్తు పక్కన పెట్టాలి. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి ఒక్కసారీ తప్పలేదు. ఒకరోజు ఎవరిదో కుడిచేతి పక్కన ఎడమ గుర్తు పెట్టింది. తనే చూసుకుంది, తనే దిద్దుకుంది, ఎవరికీ ఏమీ కాలేదు, ఎవరూ ఏమీ అనలేదు. ఇంటికొచ్చి శాంతంగా చెప్పింది, "ఏవండీ, నేను రేపటి నుంచి మానేస్తున్నాను. నాకేదో అవుతోంది." అతను కొట్టిపారేశాడు, అలసట అన్నాడు, నిద్ర చాలడంలేదన్నాడు, నేను మాత్రం రోడ్లు మర్చిపోలేదా అన్నాడు. అతను ఏ రోడ్డూ మర్చిపోలేదు. ఆ తర్వాత పొయ్యి, తర్వాత తాళంచెవి, తర్వాత అక్కచెల్లెళ్ల పేర్లు. తర్వాత అతను. ఒక పూట నాన్నా అని పిలిచేది, ఒక పూట కరెంటు పనికి వచ్చినవాడనుకుని స్విచ్చు చూపించేది. మొదటిసారి అతను వాదించాడు, పెళ్లి ఫోటో గోడ మీంచి దించి చూపించాడు, ఆమె ఫోటో చూసి, అతన్ని చూసి, భయంతో మూలకి ఒదిగింది. మందుల దుకాణం నడిపే కూతురు ఆ రోజే గట్టిగా చెప్పింది, "నాన్నా, దిద్దకండి. డాక్టరు చెప్పింది విన్నారుగా. అమ్మ ఏమంటే అదే. మీరు దిద్దినప్పుడల్లా అమ్మకి ఏదో తప్పు చేశానన్న భయం మిగులుతుంది, అంతే." సరేనన్నాడు. అతను ఉద్యోగం వదిలేశాడు. నాన్న అయ్యాడు, కరెంటువాడయ్యాడు, ఒకరోజు ఇంటి యజమాని కూడా అయ్యాడు, పైకప్పు కారుతోందని ఆమె చీవాట్లు పెడితే తల వంచుకుని నిలబడ్డాడు.

అయితేనేం, ఈ హాలుంది. ఇక్కడ జరిగేది అతను ఎవరికీ చెప్పని సంగతి, కూతురికి కూడా. వారానికొకసారి ఇక్కడికి వచ్చి, ఈ కుర్చీలో కూర్చోబెట్టి, బ్రేసు వేసి, ఆఖరి పట్టీ బిగిస్తాడా, ఆ బిగువు చేతికి తెలిసిన క్షణాన ఆమె కళ్లలోకి ఎవరో నడిచొచ్చినట్టు ఉండేది. దీపం పెట్టిన గదిలా ఉండేది మొహం. "ఏవండీ, స్క్రూ ఎక్కువ తిప్పారు" అనేది. "ఇవాళ లేన్ మీద నూనె ఎక్కువేశారండీ, చూడండి, జారిపోతోంది" అనేది. ఆ ఏవండీ కోసం అతను వారమంతా బతికేవాడు. ఒక గంట. కొన్నిసార్లు గంట కూడా కాదు, బూట్లు తిరిగి ఇచ్చేలోపే అయిపోయేది. కూతురు ఒకసారి అడిగింది, "అమ్మ ఆడుతోందా నాన్నా, మీరు ఆడిస్తున్నారా?" తల్లి ఇంకా అక్కడ ఉందని, కాకపోతే ఒక్క తలుపే మిగిలిందని, ఆ తలుపు తాళంచెవి ఈ చెమటవాసన బ్రేసేనని ఎలా చెబుతాడు? చెబితే పిల్ల కూడా వస్తానంటుంది. వచ్చి నిలబడితే ఆ గంటని ఇద్దరూ పంచుకోవాలి. పిసినారితనమే. ఉండనీ.

మధ్య పట్టీ వేశాడు. అరచేతి పట్టీ బొటనవేలి పక్క నుంచి తెచ్చి వేశాడు. ఆఖరిది పట్టుకుని ఒక్క క్షణం ఆగాడు, ప్రతివారం ఇక్కడే ఆగుతాడు, బస్సు కదిలే ముందు అద్దాలన్నీ ఒకసారి చూసుకున్నట్టు. ఎప్పుడూ గట్టిగా లాగుతాడు, చెయ్యి కదలకూడదు కదా. ఇవాళ ఆ చర్మం చూస్తే లాగబుద్ధి కాలేదు. ఉల్లిపొర లాగా ఉంది, కింద నీలిరంగు నరాలు. పట్టీ తెచ్చి ఊరికే అలా ఆనించి, వేలు దూరేంత సందు వదిలి, అతికించాడు. ఆమె బొటనవేలి గోరు నొక్కి వదిలాడు, తెల్లబడి మళ్లీ ఎర్రబడింది, రక్తం ఆడుతోంది, బిగువు ఎక్కువ కాలేదు, ఇది కూడా ఆమె నేర్పిందే. తల ఎత్తాడు. ఆమె అతన్నే చూస్తోంది. కళ్లలోకి నిజంగానే ఎవరో వచ్చారు, దీపం వెలిగింది, ఆమె చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసుకుంది, నవ్వింది. రోగుల్ని చూసి నవ్వే నవ్వు. కొత్తవాళ్లని చూసి నవ్వే మర్యాద నవ్వు.

"చాలా బాగా కట్టారు అన్నయ్యా" అంది.

అన్నయ్యా. హాల్లో చప్పుడంతా ఎటో పోయింది. లేన్ చివర యంత్రం చెయ్యి కిందికి దిగి పడిపోయిన పిన్నుల్ని ఊడ్చుకుపోవడం కనిపిస్తోంది కానీ వినిపించడంలేదు. నాన్నా అంటే ఓర్చుకున్నాడు, నాన్న అంటే ఇంట్లో మనిషేగా. కరెంటువాడన్నా ఓర్చుకున్నాడు, కరెంటువాడికి వరస లేదు. ఇది వరస. ఆడది ముక్కూ మొహం తెలియని మగవాడితో మాట్లాడవలసి వచ్చినప్పుడు మధ్యలో గీత గీసుకునే మాట. బస్సులో ఎంతమంది పిలిచారు, అన్నయ్యా కాస్త ముందు ఆపండి, అన్నయ్యా పిల్లాడు దిగుతున్నాడు, అన్నయ్యా మార్కెట్టు వస్తే చెప్పండి. పిలిచిన ప్రతిసారీ బ్రేకు మీద కాలు పెట్టాడు, ఎవరికీ కాదనలేదు, అలా పిలిచిన మనిషికి కాదనలేడు మగవాడన్నవాడు. ఇన్నేళ్లు ఒకే కంచంలో తిన్నాం, ఒకే దుప్పటి లాక్కున్నాం, నీ పురిటి నొప్పులకి నా ముంజేతి మీద పడిన గోటి గాట్లు ఇదిగో ఇక్కడే ఉన్నాయి, నేను నీకు అన్నయ్యనేమిటే? దిద్దకండి నాన్నా. దిద్దను. దిద్దనమ్మా. కానీ ఇక్కడ కాదనుకున్నాను, ఈ ఒక్క చోట కాదనుకున్నాను.

"కాళ్లు నొప్పెడతాయి, లేవండి పాపం" అంది ఆమె. అతను లేవలేదు. అడక్కూడదని తెలుసు, పుండు మీద చెయ్యి ఊరుకోదు, అడిగాడు.

"ఎప్పుడూ ఎవరు కడతారమ్మా?"

"మా ఆయన" అంది, మొహం విప్పారింది. గొంతు తగ్గించి, పక్కింటివాళ్లతో రహస్యం చెప్పినట్టు ముందుకి వంగింది. "ఆయనకి కట్టడం రాదన్నయ్యా. గట్టిగా లాగేస్తారు. నా చెయ్యి ఎక్కడ ఊడిపోతుందో అని ఆయనకి భయం. ఆట అయ్యేసరికి వేళ్లు తిమ్మిరెక్కిపోతాయి. ఇంటికెళ్లి ఆయన చూడకుండా కొబ్బరినూనె రాసుకుంటాను."

"మరి చెప్పొచ్చుగా, కాస్త వదులుగా కట్టమని?"

"అయ్యో, చెబితే ఇంకేమైనా ఉందా?" అంది, నోటి మీద బ్రేసు చెయ్యి అడ్డం పెట్టుకుని. "చిన్నబుచ్చుకుంటారు. ఆ పట్టీలు కట్టేటప్పుడు ఆయన మొహం మీరు చూడలేదు. బస్సు తోలేటప్పుడు కూడా అంత జాగ్రత్తగా ఉండరేమో. ఆ మొహం కోసం కట్టించుకుంటాను."

అతను నేల చూశాడు. నేల మీద దువ్వెనతో గీకిన నూగు ఉండలు, అతని మోకాలు, ఆమె అద్దె బూట్లు, ఎర్రవి, తాడు ముడి తనే వేశాడు. ఎన్ని వారాలు, ఎన్ని ఏళ్లు. తిమ్మిరెక్కిన వేళ్లతో ఎన్ని పిన్నులు కొట్టింది, ఎన్నిసార్లు వెనక్కి తిరిగి నవ్వింది, ఆ నవ్వు వెనక ఇది ఉందన్నమాట. ఎముకలు చూసింది ఆమె, తనేం చూశాడు? తెలిసిన రోజున చెప్పుకునేందుకు భార్య లేదు. క్షమించు అంటే, మీరెందుకన్నయ్యా అంటుంది. ఎవడో దారిన పోయేవాడు మొదటిసారి కడితే బాగా కుదిరింది, మొగుడు ఇన్నేళ్లు కడితే నొప్పి పెట్టింది, ఆ దారిన పోయేవాడి మీద అతనికి మండింది, వాడు తనేనన్న సంగతి గుర్తొచ్చినా మంట తగ్గలేదు.

ఆమె లేచింది. చెయ్యి అందించబోతే వద్దంది. బంతి తీసుకుంది, రెండు చేతులతో గుండెకి ఆనించుకుంది, లేన్ కేసి నిలబడింది. అప్పుడు మాత్రం ఒంటికి అన్నీ గుర్తున్నాయి. భుజం గుర్తుపెట్టుకుంది, తుంటి గుర్తుపెట్టుకుంది, ఎడమకాలు ఎక్కడ జారి ఆగాలో అక్కడ ఆగింది, చెయ్యి గడియారం లోలకంలా వెనక్కి పోయి ముందుకొచ్చింది, మణికట్టు వాలలేదు, వదులు పట్టీలో కూడా నిలబడింది. బంతి నెమ్మదిగా, దారి అడుక్కుంటూ పోతున్నట్టు పోయింది, లేన్ పక్కనున్న కాలవలో పడుతుందనుకున్నాడు, పడలేదు, ముందు పిన్నుని ఊరికే తాకింది, అది పక్కదాన్ని, పక్కది ఇంకోదాన్ని, తీరిగ్గా ఒకదాని మీద ఒకటి ఒరిగి, ఆఖరిది ఊగి ఊగి అది కూడా పడింది. ఒక్కటీ మిగల్లేదు. బూట్ల కౌంటరు ఆయన అంత దూరం నుంచి చప్పట్లు కొట్టాడు. ఆమె గిర్రున వెనక్కి తిరిగింది. అన్నీ పడినప్పుడల్లా తిరుగుతుంది, తిరిగి అతన్ని వెతుక్కుంటుంది, అతను రెండు చేతులూ పైకెత్తుతాడు, అది వాళ్ల లెక్క. అతను చేతులెత్తాడు. ఆమె చూపు వచ్చింది, అతని మొహం మీంచి జారి, భుజం మీంచి దాటి, వెనక తలుపు దాకా పోయింది. అక్కడ ఎవరూ లేరు. ఆమె మొహంలో నవ్వు ఇంకా ఉంది, ఎవరికివ్వాలో తెలియక నిలబడిపోయిన నవ్వు.

"చూళ్లేదు" అంది దగ్గరికొచ్చి. "ఆయన చూళ్లేదు. ఎప్పుడూ ఆలస్యం కారు, డ్యూటీ దిగగానే వచ్చేస్తారు. అన్నయ్యా, ఏమనుకోకపోతే కాస్త బయటికెళ్లి చూసొస్తారా? ఖాకీ చొక్కా వేసుకుని ఉంటారు. పొడుగ్గా ఉంటారు."

చూసొస్తానన్నాడు. ఆమెను కనిపెట్టి ఉండమని కౌంటరు ఆయనకి సైగ చేశాడు. తలుపు తోసుకుని బయటికొస్తే మధ్యాహ్నపు ఎండ కళ్లలో పొడిచింది. బండ్లు వరసగా ఆపి ఉన్నాయి, ఎవరో కారు తలుపు తెరిచి పిల్లని దింపుతున్నారు. అతను ఆ వరస చివరిదాకా నడిచాడు. ఎందుకు నడుస్తున్నాడో తెలుసు, ఆమె అద్దంలోంచి చూస్తుందేమో, వెతకలేదనుకుంటుందేమో. నడుస్తూ నడుస్తూ నిజంగానే వెతికాడు. పొడుగాటి మనిషి, ఖాకీ చొక్కా, తోలు సంచి, పరుగులాంటి నడక, ఎక్కడా కనపడలేదు. ఒక ఆలోచన వచ్చింది, పిచ్చి ఆలోచన, అయినా వచ్చింది. వెళ్లిన మనిషి వేరు, వచ్చే మనిషి వేరు కావచ్చుగా. కారు అద్దంలో చూసుకుని జుట్టు వెనక్కి దువ్వాడు, చొక్కా లోపలికి దోపాడు, నడుం నిటారు చేశాడు, డ్యూటీ దిగొచ్చినవాడిలా ఊపిరి గట్టిగా పీల్చి, తలుపు పూర్తిగా తెరిచి, గబగబా లోపలికి నడిచాడు. ఆమె తలుపుకేసే చూస్తోంది. తలుపు కదలగానే లేవబోయింది, పెదవులు విచ్చుకున్నాయి, ఆ సగం లేవడంలో, ఆ ఒక్క ఊపులో ఆమె మొత్తం ఉంది. అతను ఇంకా రెండడుగులు వేశాడు. ఆమె మళ్లీ కూర్చుంది.

"కనిపించారా అన్నయ్యా?"

అతను ఆమె ముందు నిలబడ్డాడు. "దారిలో ఉన్నారమ్మా" అన్నాడు. "ఫోను చేశారు. అన్నీ పడగొట్టావని చెప్పాను. చాలా సంతోషించారు. నువ్వు ఆడుతూ ఉండమన్నారు, వచ్చేస్తారు."

"ఆయన అంతే" అంది. తేలికపడి శాలువా సర్దుకుంది. "మీరు కూడా కూర్చోండి, చాలా తిరిగారు. అయ్యో, అందులో కాదు. అది ఆయనకి."

పక్క కుర్చీ మీద తన చేతిసంచి పెట్టింది. అతను ఆ కుర్చీ దాటి అవతలి దాంట్లో కూర్చున్నాడు.